అష్టవిధ వివాహాలు: సమ్మతి ఎక్కడుంది?



భిలాయి ఉక్కు కర్మాగారం కోసం భారత, సోవియట్ ప్రభుత్వాలు 1955 ఫిబ్రవరిలో ఒప్పందం చేసుకున్నాయి. అదే ఏడాది మే నెలలో హిందూ వివాహ చట్టం అమలులోకి వచ్చింది. ఈ ఊరికి దగ్గరలోని గనియారీలో పుట్టి, ఈ కర్మాగారంలోనే ఉద్యోగం చేసిన తీజన్ బాయి, పండవాని గానంతో భారత కథను విదేశాలకూ వినిపించారు. ఆ కథలోని పెళ్లిళ్లన్నీ ఒకే తీరుగా జరగవు. ఎందుకో చూద్దాం.

మనుస్మృతి మూడవ అధ్యాయం వివాహాలను ఎనిమిది రకాలుగా విభజించింది.

1. బ్రాహ్మం: చదువు, శీలం గల వరుణ్ణి పిలిచి కన్యాదానం చేయడం.
2. దైవం: యజ్ఞం చేయిస్తున్న ఋత్విజునికి కన్యనివ్వడం.
3. ఆర్షం: వరుని నుంచి ఆవునూ ఎద్దునూ తీసుకొని ఇవ్వడం.
4. ప్రాజాపత్యం: ‘ఇద్దరూ కలిసి ధర్మం ఆచరించండి’ అని చెప్పి ఇవ్వడం.
5. ఆసురం: వరుడు ధనమిచ్చి కన్యను పొందడం.
6. గాంధర్వం: వధూవరులు పరస్పరం ఇష్టపడటం.
7. రాక్షసం: ఏడుస్తున్న కన్యను బలవంతంగా ఎత్తుకుపోవడం.
8. పైశాచం: నిద్రలో, మత్తులో ఉన్న కన్యను చెరచడం. దీనిని మనువు అన్నిటికంటే నీచమన్నాడు.

విజ్ఞానశాస్త్రంలో ఏ వర్గీకరణ చూసినా, ‘దీనికి ఆధారమైన లక్షణం ఏది?’ అని అడుగుతాం. ఇక్కడ మొదటి అయిదింటిలో నిర్ణయం పెద్దలది. కన్య ఇష్టం లక్షణంగా నిలిచింది ఒక్క గాంధర్వంలోనే.

ఇప్పుడు ఉదాహరణలు చూడండి. మాద్రి కోసం భీష్ముడు శల్యునికి ధనమిచ్చాడు, ఇది ఆసురం. గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకంలో ఎండగట్టిన ఆచారమూ ఈ కోవలోనిదే. శకుంతలా దుష్యంతులది గాంధర్వం. ఇష్టం ఉంది కాని సాక్షులు లేరు. అందుకే నిండు సభలో దుష్యంతుడు ఆమెను ఎరగనన్నాడు. కాశీరాజు కుమార్తెలను భీష్ముడు తీసుకుపోయినప్పుడు సభ నిండా సాక్షులున్నారు, అంబ ఇష్టం మాత్రం లేదు. సాళ్వుణ్ణి వరించానని ఆమె చెప్పేసరికే ఆలస్యమైంది. భీష్ముడు పంపించినా సాళ్వుడు ఆమెను స్వీకరించలేదు. రుక్మిణి కథ వేరు. తనను తీసుకుపొమ్మని తానే కృష్ణునికి కబురు పంపింది. పైకి రాక్షసం, లోపల ఇష్టపూర్వకం.

అంటే సమ్మతి, సాక్ష్యం రెండూ కావాలి. 1955 నాటి చట్టం ఈ ఎనిమిది పేర్లను చెప్పదు. ఆచారం ప్రకారం వివాహకర్మ జరగాలంటుంది. సప్తపది ఆచారమున్న చోట ఏడో అడుగుతో పెళ్లి పూర్తవుతుంది. బలవంతంతోనో మోసంతోనో సమ్మతి పొందితే వివాహం రద్దు కోరవచ్చు. వధువుకు 18, వరునికి 21 ఏళ్లు నిండి ఉండాలి.

ఆలోచించండి: ద్రౌపదీ స్వయంవరం ఈ ఎనిమిదింటిలో దేనికి చెందుతుంది? ఎంపిక ద్రౌపదిదా, ద్రుపదుడు పెట్టిన పందెానిదా? కారణాలతో పది వాక్యాలు రాయండి. మీ ఇంట్లో పెళ్లి మాట వచ్చినప్పుడు కూడా ఇదే ప్రశ్న వేసుకోండి.