ఒత్తులూ... ఒత్తిడీ

తెలుగు తరగతిలో గుణింతాలు దాటి ఒత్తుల దగ్గరికి రాగానే పిల్లలు కాస్త మొరాయిస్తారు. "ఇన్ని ఒత్తులెందుకు టీచర్?" అని అడుగుతారు. ఒత్తు లేకపోతే 'అమ్మ' అని రాయలేం కదా అంటే ఒప్పుకుంటారు. 'రాష్ట్రం' రాయమంటే మాత్రం, ఒక ఒత్తు పక్కన ఇంకో ఒత్తు చూసి పెన్సిలు కింద పెట్టేస్తారు.

మన రోజువారీ ఒత్తిడి సంగతి కూడా ఇంతే. కొంచెం ఉంటే పని జరుగుతుంది. పరీక్ష ముందు రోజు కాస్త కంగారు లేకపోతే పుస్తకం తెరవం. కానీ ఒకదాని మీద ఒకటి పడుతూ, ఏదీ తీరకుండా ఉంటే మనిషి చతికిలబడతాడు.

అసలు ఒత్తిడి అంటే ఏమిటి?

అడవిలో నడుస్తుంటే ఎదురుగా పులి కనిపించిందనుకోండి. ఆలోచించే వ్యవధి ఉండదు. మెదడు ప్రమాద ఘంట మోగిస్తుంది. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు ముందు అడ్రినలిన్‌నీ, ఆ వెనుకే కార్టిసాల్‌నీ రక్తంలోకి వదులుతాయి. గుండె, ఊపిరి వేగం పెరుగుతాయి. రక్తంలో చక్కెర పెరిగి కండరాలకు శక్తి అందుతుంది. అరుగుదల మందగిస్తుంది. ప్రాణం కాపాడుకునేటప్పుడు అన్నం అరగడం ముఖ్యం కాదు కదా! అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో దీన్ని 'పోరాడు లేదా పారిపో' అనే స్పందనగా వివరించాడు.

1936లో కెనడాలోని మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ఎలుకల మీద ప్రయోగాలు చేస్తూ ఇంకో సంగతి గమనించాడు. చలి, గాయం, అతిశ్రమ... కారణం ఏదైనా శరీరంలో మార్పులు ఒకే తీరుగా ఉన్నాయి. మొదట ఉలికిపాటు, తరువాత తట్టుకోవడం, అది ఆగకుండా సాగితే చివరకు అలసి కూలిపోవడం.

ఇందులో అసలు విషయం 'ఆగకుండా' అన్న మాటలోనే ఉంది. పులి ఎదురైతే కథ కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. తప్పించుకున్నవాడు చెట్టు కింద కూలబడి ఊపిరి తీసుకుంటాడు. శరీరం మళ్లీ మామూలు స్థితికి వస్తుంది. మన కాలపు పులులు అలా వెళ్లిపోవు. అందుకే ఘంట మోగుతూనే ఉంటుంది. నిద్ర తగ్గుతుంది, కోపం పెరుగుతుంది, తలనొప్పి, కడుపులో మంట మొదలవుతాయి. బీపీ, షుగరు ఉన్నవారికి అవి అదుపు తప్పుతాయి.

ఇక్కడి మన పులులు

షార్జాలో ఇల్లు, దుబాయ్‌లో ఆఫీసు అయితే పొద్దున్నే రోడ్డు మీద కనుచూపు మేర ఎర్ర దీపాలే. ఇంటి అద్దెకు ముందుగానే రాసిచ్చిన చెక్కులు, స్కూలు ఫీజులు, ఊళ్లో కట్టుకున్న ఇంటికి నెలనెలా వాయిదాలు. సెలవుల్లో వెళదామంటే జులై, ఆగస్టుల్లో మండిపోయే విమానం టిక్కెట్లు. ఇక్కడ రాత్రి పదిన్నర అయితే మన ఊళ్లో పన్నెండు. ఆ వేళప్పుడు ఫోను మోగితే, ఎత్తేలోపే అమ్మకో నాన్నకో ఏమైందోనని గుండె జారుతుంది.

వీటన్నింటికీ పైన ఇంకొకటుంది. మనలో చాలామందికి ఇంటిల్లిపాది వీసా ఒక్కరి ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. ఆ ఉద్యోగం కదిలితే ఇల్లు, బడి, స్నేహితులు అన్నీ కదులుతాయి. 2008-09 ఆర్థిక మాంద్యంలోనూ, 2020 కోవిడ్ కాలంలోనూ ఈ భయాన్ని ఎన్నో కుటుంబాలు చూశాయి.

పిల్లలకు తెలియదనుకుంటాం

ఒకసారి తరగతిలో 'మా నాన్న' మీద ఐదు వాక్యాలు రాయమన్నాను. ఒక బాబు మూడే రాశాడు. "మా నాన్న మంచివాడు. మా నాన్నకు చేపల పులుసు ఇష్టం. మా నాన్న ఆఫీసు నుంచి వస్తే మేము మాట్లాడము."

తప్పులేమీ లేవు. దీర్ఘాలు కూడా సరిగ్గా ఉన్నాయి. కానీ ఆ మూడో వాక్యం కింద టిక్కు పెట్టడానికి చెయ్యి రాలేదు. తరువాత ఆ తండ్రితో మాట్లాడితే తెలిసింది, వాళ్ల కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారట. "ఇంట్లో చెబితే కంగారు పడతారని చెప్పలేదండీ" అన్నారాయన. బాబు మాత్రం తన లెక్కల మార్కుల వల్లే నాన్నకు కోపం వచ్చిందని అనుకుంటున్నాడు!

మనం నోటితో చెప్పనిది పిల్లలు మన మొహంలో చదువుతారు. కారణం తెలియకపోతే వాళ్లే ఒక కారణం కల్పించుకుంటారు. చాలాసార్లు ఆ కారణం తామేననుకుంటారు. దాచిన ఒత్తిడి ఇలా ఇల్లంతటికీ పాకుతుంది.

ఏం చెయ్యవచ్చు?

పులిని తరమడం అన్నిసార్లూ మన చేతిలో ఉండదు. కానీ మోగుతున్న ఘంటను రోజుకొకసారైనా ఆపడం మన చేతిలో ఉంది.

ఆఫీసు నుంచి వచ్చి కారు ఆపాక ఐదు నిమిషాలు అలాగే కూర్చోండి. ఊపిరి నెమ్మదిగా తీసుకుని, అంతకంటే నెమ్మదిగా వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది. ఆ తరువాతే లిఫ్టు ఎక్కండి.

శరీరం పరుగుకు సిద్ధమైంది కాబట్టి దానికి నడక కావాలి. చలికాలంలో పార్కులో, కార్నిష్‌లో నడవవచ్చు. ఎండాకాలంలో మాల్‌లో నడిచినా నడకే. రాత్రి పడుకునే ముందు ఫోను పక్క గదిలో పెట్టండి. ఊరి నుంచి అత్యవసరమైన ఫోను వస్తుందనుకుంటే, మోగితే వినిపించేలా ఉంచండి.

భయాన్ని కాగితం మీద పెట్టండి. ఉద్యోగం పోతే ఏమవుతుందో తెలియకపోవడమే సగం భయం. 2022 అక్టోబరు మార్పుల తరువాత, వీసా రద్దయినా ఇక్కడ ఉండటానికి చాలామందికి 60 రోజులు, కొన్ని రకాల వీసాలకు 180 రోజుల వరకు గడువుంది. 2023 జనవరి నుంచి ఉద్యోగులకు నిరుద్యోగ బీమా తప్పనిసరి అయింది. కనీసం 12 నెలలు చందా కట్టి ఉండి, రాజీనామా వల్లో క్రమశిక్షణ చర్య వల్లో కాకుండా ఉద్యోగం పోతే, మూలవేతనంలో 60 శాతం, ఒక పరిమితికి లోబడి, 3 నెలల వరకు అందుతుంది. మీ వీసాకు ఏది వర్తిస్తుందో ఈ వారమే చూసి రాసిపెట్టుకోండి.

ఇంట్లో చెప్పండి. పిల్లలకు లెక్కలన్నీ అక్కర్లేదు. "నాన్నకు ఆఫీసులో ఒక ఇబ్బంది ఉంది. అది నీ వల్ల కాదు. అమ్మా నేనూ చూసుకుంటున్నాం." ఈ మూడు మాటలు చాలు.

నిద్రలేమి, దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే డాక్టరును కలవండి. షుగరుకు డాక్టరు దగ్గరికి వెళ్లినట్టే దీనికీ వెళ్లాలి, ఇందులో నామోషీ ఏమీ లేదు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగవద్దు. ఛాతీలో నొప్పి వస్తే ఒత్తిడేలే అని తేలికగా తీసుకోకుండా 998కు ఫోను చేయండి. ఏ సమస్యనైనా చెప్పుకోవడానికి దుబాయ్‌లో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది. ఉచిత ఫోను 800 46342.

పిల్లలూ, మీకో మాట

మీకు ఏదోలా ఉన్నప్పుడు అందరూ 'స్ట్రెస్' అనే ఒక్క మాటే వాడుతున్నారు. మన తెలుగులో ఎన్ని మాటలున్నాయో చూడండి. అమ్మమ్మ గుర్తొస్తే బెంగ. రేపు పరీక్ష అంటే కంగారు. స్నేహితుడు ఊరు మారిపోతే దిగులు. హోంవర్కు తెమలకపోతే విసుగు. తమ్ముడు పెన్ను లాక్కుంటే చిరాకు. మనసులో ఉన్నదానికి పేరు పెట్టి బయటికి చెబితే దాని బరువు తగ్గుతుందని పరిశోధకులు కూడా గమనించారు. ఈ తెలుగు తరగతే మీకు ఇంకో ఒత్తిడి అయితే, అది కూడా మాతో చెప్పండి. మేం కోప్పడం!

ఆ బాబు సంగతి చెప్పి ముగిస్తాను. ఆ తండ్రి ఇంటికి వెళ్లి విషయం చెప్పారు. ఉద్యోగం ఉంటుందో పోతుందో అప్పటికి ఇంకా తేలలేదు. పై వారం బాబు మిగిలిన రెండు వాక్యాలు రాసుకొచ్చాడు.

"మా నాన్నకు ఆఫీసులో దిగులు ఉంది. మేము రోజూ పార్కుకు వెళుతున్నాము."

'ఆఫీసు'లో దీర్ఘం మర్చిపోయాడు. అయినా టిక్కు పెట్టేశాను.