సూర్యలంక ఇసుకలోని జీవులు

సి.బెళగల్ ప్రాంతమున తుంగభద్ర ఒడ్డున పెరిగిన పిల్లలకు ఇసుక క్రొత్త వస్తువు కాదు. వేసవిలో నది సన్నగిలినప్పుడు ఇసుకలో చెలమ త్రవ్వి మంచినీరు తోడుకొనుట వా రెఱుగుదురు. అట్టి పిల్లలను కొందఱిని వెంటబెట్టుకొని నేను బాపట్ల దగ్గఱనున్న సూర్యలంక సముద్రతీరమునకు పోయినప్పుడు ఒక బాలుడు, "ఇన్ని నీళ్లు పెట్టుకొని ఈడ జొన్న యాల పండదు సార్?" అని అడిగెను. తక్కిన పిల్లలు నవ్విరి. కాని అది నవ్వి విడిచిపెట్టదగిన ప్రశ్న కాదు. సముద్రపు ఒడ్డున బ్రతుకుచున్న ప్రతి మొక్కయు, ప్రతి జంతువును ఆ ప్రశ్న నెదుర్కొని, తనదైన ఉపాయమును కనిపెట్టుకొన్నదే.

సూర్యలంక బాపట్ల పట్టణమునకు సుమారు 9 కిలోమీటర్ల దూరమున నున్నది. అచ్చట యాత్రికులు బసచేయుటకు రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థవారి రిసార్టు కలదు. అట్టి విడిది ఆవరణమునుండి బయలుదేరి నీటి అంచు వఱకు నడచుటకు కొలది నిమిషములు చాలును. ఆ కొలది నిమిషములలోనే జీవశాస్త్ర పాఠములు పెక్కు కన్నులకు గట్టును.

మొదట బాలుని ప్రశ్నకు వత్తము. సముద్రజలము లీటరులో సాధారణముగా 35 గ్రాముల లవణము లుండును. మొక్క వేరులోని కణముల రసముకంటె ఇది మిక్కిలి చిక్కనిది. పలుచని ద్రవమునుండి చిక్కని ద్రవమువైపు నీరు పొరగుండా పోవుటను ద్రవాభిసరణము అందురు. కావున ఉప్పునీటిలో నిలిచిన జొన్నమొక్క నీటిని పీల్చుకొనుటకు మాఱుగా ఉన్న నీటినే పోగొట్టుకొనును. దీనిని తరగతిలో చూపవచ్చును. గెనుసుగడ్డను సన్నని ముక్కలుగా కోసి, కొన్నిటిని మంచినీటిలోను, కొన్నిటిని గ్లాసునకు రెండు చెంచాల ఉప్పు కలిపిన నీటిలోను వేసి రెండు గంట లుంచవలెను. మంచినీటిలోని ముక్కలు బిఱుసెక్కును. ఉప్పునీటిలోనివి మెత్తబడి వంగును. మన ప్రాంతపు చౌడునేలలో పైరు ఎదుగకుండుటకు గల కారణములలో ఇదియు ఒకటి.

అట్లయిన సముద్రతీరమున మొక్క లెట్లు బ్రతుకుచున్నవి? వానకు కురిసిన మంచినీరు ఇసుకలో ఇంకి, ఉప్పునీటికంటె తేలిక యగుటచేత దానిపై తేలి నిలుచును. బాపట్ల ప్రాంతపు రైతులు ఇసుకనేలలో దొరువులు త్రవ్వి పైరులకు వాడుకొనునది ఈ పైపొర నీరే. తుంగభద్రలోని చెలమకు ఇది చుట్టము. తీరపు మొక్కలును ఈ నీటినే ఆశ్రయించును. కాని గాలితో వచ్చు ఉప్పుతుంపర, మధ్యాహ్నపు వేడిమి, కదలిపోవు ఇసుక అను మూడు చిక్కులు వానికి మిగిలియే యున్నవి.

ఆటుపోటుల గీత దాటిన వెంటనే ఇసుకపై ప్రాకుచు కనబడునది బాలబందితీగ. దీని ఆకు కొన చీలి మేకగిట్టవలె నుండును. పువ్వు ఊదారంగు గరాటువలె నుండును. ఇది గెనుసుగడ్డ కుటుంబములోనిదే. ఆకులు దళసరిగా నుండి నీటిని నిలువచేసికొనును. తీగను గాలి ఇసుకతో కప్పివేసినను దానికి భయము లేదు. కప్పబడిన ప్రతి కణుపునుండియు క్రొత్తవేరు పుట్టును. కొన మరల పైకి తేలి ప్రాకును. దీని గింజలు ఉప్పునీటిలో చాలకాలము తేలియుండి కూడ మొలకెత్తగలవు. కావుననే ఈ తీగ ఉష్ణమండలపు సముద్రతీరము లన్నిటను వ్యాపించినది.

దాని ప్రక్కనే రావణాసురుని మీసములని పిలువబడు గడ్డి యుండును. దాని ఆకులు సూదులవలె వాడియై, ఉత్త కాళ్లతో నడచువారికి తమ ఉనికిని వెంటనే తెలియజేయును. ఈ గడ్డిలో ఆడ మొక్కలు వేఱు, మగ మొక్కలు వేఱు. ఆడ మొక్క కంకి ముండ్లబంతి వంటిది. పండిన పిమ్మట అది విడిపోయి, గాలికి ఇసుకపై దొరలుచు, గింజలను చల్లుకొనుచు పోవును. పిల్లలు ఈ బంతుల వెంట పరుగెత్తుట ఒక వేడుక.

ఈ రెండు మొక్కలు చేయు పని గొప్పది. ఇసుకను మోసికొనివచ్చు గాలి తీగకు, గడ్డికి తగిలి వేగము తగ్గును. వేగము తగ్గిన గాలి ఇసుకను మోయజాలక అచ్చటనే వదలును. ఇట్లు రేణువు పై రేణువు చేరి దిబ్బ యేర్పడును. తుపానునాడు అలల దెబ్బను మొదట కాచుకొనునది ఈ దిబ్బయే. కావున "పిచ్చిమొక్కలు" అని వీనిని పెఱికి ఆవరణము శుభ్రము చేసితి మనుకొనువారు తమ గోడను తామే పడగొట్టుకొనుచున్నారు.

దిబ్బకు వెనుక సరుగుడు తోపు కలదు. ఇది ఈ తీరపు సహజవృక్షము కాదు. ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరములకు చెందిన ఈ చెట్టును 19వ శతాబ్దమునుండి మన తీరమున వంటచెఱకు కొఱకు, గాలిని అడ్డుటకు నాటుచు వచ్చిరి. దాని ఆకులని మన మనుకొను సన్నని పుల్లలు నిజమునకు కొమ్మలే. ఒక పుల్లను కణుపు వద్ద విఱిచి భూతద్దముతో చూచిన చిన్న పొలుసులు కనబడును, అవియే ఆకులు. ఆకులు ఇంత చిన్నవగుటచేత నీరు ఆవిరియై పోవుట తగ్గును. దీని వేళ్ల బుడిపెలలో నుండు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని చెట్టునకు ఉపయోగపడునట్లు మార్చును. వేరుసెనగ వేళ్లలోని బుడిపెలు చేయు పనియు ఇట్టిదే. జీవులు మాత్రము వేఱు. సారములేని ఇసుకలో సరుగుడు బ్రతుకు రహస్య మిది. అయితే దాని క్రింద రాలిన పుల్లలు దట్టముగా పఱచుకొని ఇతర మొక్కలను ఎదుగనీయవు. కావున దానిని దిబ్బ వెనుకనే నాటవలెను గాని నీటి అంచు వఱకు నాటరాదు.

ఇక జంతువులు. పగలు ఇసుకపై గుండ్రని రంధ్రములు మాత్రము కనబడును. చీకటి పడగానే వానినుండి ఇసుకరంగు పీతలు బయటికి వచ్చి, కాడలపైనున్న కన్నులను నిక్కించి, ప్రక్కవాటుగా పరుగెత్తును. ఇవి నేలపై తిరుగుచున్నను మొప్పలతోనే శ్వాసించును. మొప్పలు తడిగా లేనిచో ప్రాణము నిలువదు. కావున పగటి యెండను తప్పించుకొనుటకు తడి ఇసుక తగులునంత లోతుగా బొఱియ త్రవ్వుకొనును. కాళ్ల మొదళ్ల నున్న వెండ్రుకల కుచ్చులతో ఇసుకలోని తడిని పైకి పీల్చి మొప్పలను తడుపుకొనును. చచ్చిన చేపలను, అలలు తెచ్చిపడవేసిన కుళ్లును తిని తీరమును శుభ్రపఱచునవి ఇవియే.

శీతకాలము చివరనుండి వేసవి మొదటివఱకు ఈ తీరమునకు ముఖ్యమైన అతిథి యొకరు వత్తురు. అది ఆలివ్ రిడ్లే అను సముద్రపు తాబేలు. ఆడ తాబేలు రాత్రివేళ ఒడ్డెక్కి, వెనుక కాళ్లతో సుమారు మూరెడు లోతు గోయి త్రవ్వి, నూటికి అటునిటుగా గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి, సముద్రములోనికి పోవును. మరల వచ్చి చూచుకొనదు. పొదుగు పని ఇసుకలోని వేడిమిదే. 45 మొదలు 60 దినములలో పిల్లలు వెలువడును. పిల్ల ఆడదో మగదో నిర్ణయించునదియు ఆ వేడిమియే. ఇంచుమించు 29 డిగ్రీల సెంటీగ్రేడునకు మించిన వేడిమిలో ఆడపిల్లలు, తగ్గినచో మగపిల్లలు ఎక్కువగా కలుగును.

పిల్లలు సాధారణముగా రాత్రియే పైకివచ్చును. వానికి దారి చూపుట కెవరును లేరు. లక్షల సంవత్సరములుగా రాత్రివేళ తీరమున మిక్కిలి వెలుతురుగా నుండినది సముద్రమే. చంద్రుని, చుక్కల కాంతి నీటిపై మెఱయును. నేలవైపు దిబ్బలు, పొదలు నల్లగా నుండును. వెలుతురువైపు నడచుట యను ఒక్క నియమమే వానికి చాలుచుండెను. నేడు వరండాలలోను, తోటలలోను వెలుగు విద్యుద్దీపములు ఆ నియమమును తలక్రిందులు చేయుచున్నవి. పిల్లలు సముద్రమును విడిచి దీపమువైపు నడచి, దారిలో కుక్కలకు, పీతలకు చిక్కును. తెల్లవారిన పిమ్మట ఎండకు మాడిపోవును. పిల్లలలో పెరిగి పెద్దవగునవి వేయింటికి ఒకటి యని అంచనా. మరపడవల వలలలో చిక్కి ఊపిరాడక చచ్చు పెద్ద తాబేళ్లును కలవు. ఇట్టి స్థితిలో ఒక్క దీపము చేయు నష్టము చిన్నది కాదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ తాబేలునకు మొదటి షెడ్యూలులో స్థాన మిచ్చినది. బాపట్ల తీరమున అటవీశాఖవారు గ్రుడ్లను సేకరించి, కంచెలోపల ఇసుకలో పాతి, పిల్లలను సముద్రములోనికి విడుచుచున్నారు. తీరమున బసచేయు మనము చేయవలసినది తేలికైన పని. జనవరినుండి మే వఱకు సముద్రమువైపు దీపములను ఆర్పవలెను. తప్పనిచో వానికి పైకప్పు తొడిగి వెలుతురు నేలపైననే పడునట్లు చేయవలెను. ఇసుకపై వాహనములు నడుపరాదు. మిగిలిన అన్నమును పాఱవేసి కుక్కలను చేరదీయరాదు.

సముద్రము మనకు దూరము గదా, మన కేమి సంబంధ మని తుంగభద్ర తీరమువారు అనుకొనరాదు. తుంగభద్ర కృష్ణలో కలియును. కృష్ణ తెచ్చిన ఒండ్రు, ఇసుకలతో డెల్టా పెరిగినది. ఆ డెల్టాకు పడమటి అంచున సూర్యలంక యున్నది. 1953లో తుంగభద్ర ఆనకట్ట, ఆ పిమ్మట నాగార్జునసాగరము, శ్రీశైలము వచ్చినవి. వానివలన మనకు అన్నము దొరకినది. కాని జలాశయములలో ఒండ్రు నిలిచిపోవుటచేత సముద్రమునకు చేరునది మిక్కిలి తగ్గినది. కృష్ణా డెల్టా తీరము కొన్నిచోట్ల కోతకు గురియగుచున్నది. దీనికి తోడు నదిలోని ఇసుకను మితిమీరి తోడివేసినచో కలుగు నష్టము మన చెలమలతో ఆగిపోదు.

ఉపాధ్యాయులు ఈ వేసవిలో ఒక పని చేయింపవచ్చును. మిట్టమధ్యాహ్నము నది ఇసుకపై ఉష్ణమాపకము నుంచి వేడిమిని గుర్తింపుడు. పిమ్మట మూరెడు లోతు త్రవ్వి, అడుగున మరల కొలువుడు. ఆ రెండు అంకెలను నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాసి, పీత బొఱియలో ఏల దాగునో, తాబేలు గ్రుడ్లను ఏల పాతిపెట్టునో విద్యార్థులనే చెప్పుమనుడు. వారు సముద్రమును చూడకపోయినను చెప్పగలరు.