పడుతుందట!

మన భాషలో ఒక చిన్న అక్షరం ఉంది. అది ‘ట’. ‘‘వాన పడింది’’ అంటే నేను కళ్ళారా చూశాను అని అర్థం. ‘‘వాన పడిందట’’ అంటే ఎవరో చెప్పగా విన్నాను అని అర్థం. ఈ ‘ట’కు కాళ్ళు లేవు. అయినా ఒక్క పూటలో పది ఊళ్ళు తిరిగి వస్తుంది. మొదట చెప్పినవాడెవడో మాత్రం ఎవరికీ తెలియదు!

1979లో ఈ ‘ట’ మన పల్లెలన్నీ తిరిగింది. ‘‘ఆకాశంలోంచి స్కైలాబ్ పడుతుందట! మన మీదే పడుతుందట!’’ అని.

స్కైలాబ్ అంటే అమెరికా 1973 మే 14న రోదసిలోకి పంపిన ప్రయోగశాల. బరువు సుమారు 77 టన్నులు. ఆ రోజుల్లో సూర్యుడి చురుకుదనం బాగా పెరిగింది. దానివల్ల భూమి పై వాతావరణం వేడెక్కి ఉబ్బింది. ఆ పలుచని గాలి రాపిడికే స్కైలాబ్ వేగం తగ్గి, అనుకున్నదానికంటె ముందే కిందికి దిగసాగింది. ఎక్కడ పడేదీ ముందుగా కచ్చితంగా చెప్పడం ఎవరివల్లా కాలేదు.

ఇంకేముంది! ఎటూ పోయేవాళ్ళమే కదా అని కోళ్ళనూ మేకలనూ కోసుకు తిన్నవారున్నారట. పొలం పనులు మానుకున్నవారున్నారట. ఆనాటి పెద్దలు ఈ ముచ్చట్లు ఇప్పటికీ చెబుతుంటారు. 2021లో దీని మీద తెలుగులో ఒక సినిమా కూడా వచ్చింది.

చివరికి 1979 జూలై 11న స్కైలాబ్ ముక్కలై హిందూ మహాసముద్రంలోనూ, ఆస్ట్రేలియా పశ్చిమ భాగంలోనూ పడింది. ఒక్క మనిషికీ దెబ్బ తగలలేదు.

అయితే నష్టమేమీ లేదనుకోకండి. పత్తికొండ వైపు మెట్ట పల్లెలో ఒక రైతును ఊహించుకోండి. ఆయనకు పది మేకలు. వానలు లేని ఏడు ఆ మేకలే ఆయన బ్యాంకు. భయపడి వాటిని అయినకాడికి అమ్మేశాడనుకోండి. స్కైలాబ్ ఆయన మీద పడలేదు గాని, ఆయన సంసారం మీద పడినట్టే కదా! భయానికి కూడా ఖరీదు ఉంటుంది. దాన్ని చెల్లించేవాడు తరచు పేదవాడే.

నిజానికి ఆనాడు అమెరికా శాస్త్రజ్ఞులు లెక్కకట్టి చెప్పారు. స్కైలాబ్ ముక్క భూమి మీద ఎవరో ఒకరికి తగిలే అవకాశం 152లో ఒక వంతు. ‘‘ఎవరో ఒకరికి’’ వేరు, ‘‘నాకే’’ వేరు. అప్పటి ప్రపంచ జనాభా 400 కోట్ల పైన. కాబట్టి ఫలానా మనిషికే తగిలే అవకాశం సుమారు 60 వేల కోట్లలో ఒక వంతు! ఈ లెక్క ఆ రైతు చెవిన పడలేదు. ‘ట’ ఒక్కటే పడింది.

ఇది పల్లెటూరివాళ్ళ అమాయకత్వం అనుకుంటే పొరపాటు. 1910లో భూమి హేలీ తోకచుక్క తోకగుండా సాగుతుందని తెలిసినప్పుడు, ఆ తోకలోని విషవాయువుతో అందరూ చస్తారన్న పుకారు చదువుకున్న దేశాల్లోనే లేచింది. అమెరికాలో కొందరు గడుసువాళ్ళు ‘తోకచుక్క మాత్రలు’ తయారుచేసి అమ్ముకున్నారు. 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి వచ్చినప్పుడు ప్రళయం తప్పదని మన దేశమంతటా యజ్ఞాలు చేశారు. రెండుసార్లూ మర్నాడు సూర్యుడు మామూలుగానే ఉదయించాడు.

మన కర్నూలు, కడప సీమల్లో ఈ భయానికి మరో పలుకు తోడవుతుంది. ‘‘బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు’’ అని. పోతులూరి వీరబ్రహ్మంగారు బనగానపల్లె దగ్గర రవ్వలకొండలో కాలజ్ఞానం రాశారనీ, కడప జిల్లా కందిమల్లాయపల్లెలో సమాధి పొందారనీ ప్రతీతి. దూదేకుల సిద్దయ్యను శిష్యుడిగా చేరదీసిన మహానుభావుడాయన. అయితే ఏ వింత జరిగినా, జరిగిన తరువాత దానికి సరిపోయే మాట ఒకటి ఆయన పేర ప్రచారంలోకి వస్తుంది. ఆయన చెప్పినవేవో, ఇతరులు అతికించినవేవో విడదీయడం కష్టం. ఒకటి మాత్రం గమనించండి. జరిగిపోయాక ‘‘ముందే చెప్పారు’’ అనడం సులభం. ఏ రోజు, ఏ చోట, ఎంత అని ముందుగా చెప్పి, తప్పయితే ఒప్పుకోవడం శాస్త్రం పద్ధతి.

మరి ఆకాశంలోంచి ఏదీ పడనే పడదా? పడకేం! 1814లో కడపకు దక్షిణాన ఉన్న గుర్రంకొండ ప్రాంతంలోనే ఒక ఉల్కారాయి పడింది. ఆ ఊరి పేరుతోనే అది ప్రపంచ ఉల్కల పట్టికలో చేరింది. 1908 జూన్ 30న సైబీరియాలోని తుంగుస్కా అడవిపై ఒక గ్రహశకలం గాలిలోనే పేలి, సుమారు 2,000 చదరపు కిలోమీటర్ల మేర చెట్లను పడగొట్టింది.

2013 ఫిబ్రవరి 15 ఉదయం రష్యాలోని చెల్యాబిన్స్క్ నగరంపై సుమారు 20 మీటర్ల శకలం పేలింది. కళ్ళు చెదిరే వెలుగు! అదేమిటో చూద్దామని జనం కిటికీల దగ్గరకు పరుగెత్తారు. పిడుగు పడినప్పుడు ముందు మెరుపు, తరువాత ఉరుము వస్తాయి కదూ? ఇక్కడా అంతే. పేలుడు జరిగింది సుమారు 30 కిలోమీటర్ల ఎత్తులో. ఆ గాలి దెబ్బ నేలకు చేరడానికి నిమిషం పైగా పట్టింది. సరిగ్గా అప్పుడు అద్దాలు పగిలి ముఖాల మీద పడ్డాయి. సుమారు 1,500 మంది గాయపడ్డారు. ఒక బడిలో ఉపాధ్యాయురాలు మాత్రం వెలుగు చూడగానే పిల్లల్ని బల్లల కింద దూరమంది. ఆమెకు గాజు కోసుకుంది గాని, పిల్లలకు ఏమీ కాలేదు. భయం వేరు, జాగ్రత్త వేరు అని తెలిసింది కదా!

ఇక ఈమధ్యే జరిగిన సంగతి చూడండి. 2024 డిసెంబరు 27న చిలీ దేశంలోని ఒక దుర్భిణి ‘2024 వైఆర్4’ అనే గ్రహశకలాన్ని కనిపెట్టింది. పరిమాణం సుమారు 60 మీటర్లు. 2032 డిసెంబరు 22న అది భూమిని తాకవచ్చన్నారు. తాకితే ఎక్కడ తాకవచ్చో గీసిన పట్టీ పసిఫిక్ సముద్రం నుంచి ఆఫ్రికా మీదుగా మన దక్షిణాసియా దాకా సాగింది. జనవరి చివర తాకే అవకాశం సుమారు 80లో ఒక వంతు అన్నారు. ఫిబ్రవరి 18 నాటికి అది 32లో ఒక వంతుకు పెరిగింది. వారం తిరక్కుండానే దాదాపు సున్నా అయింది. ‘‘శాస్త్రజ్ఞులు పూటకో మాట చెబుతున్నారు’’ అని కొందరు నవ్వారు.

అది పూటకో మాట కాదు. ఎలాగో చెబుతాను. మీ వీధిలో 80 ఇళ్ళున్నాయి. పోస్టుమాన్ చేతిలో ఒక ఉత్తరం ఉంది. ఇంటి నంబరు మీద సిరా చెదిరింది. అది మీ ఇంటికి వచ్చే అవకాశం 80లో ఒక వంతు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూస్తే, వీధి మధ్యనున్న 32 ఇళ్ళలో ఒకదానిదని తేలింది. మీ ఇల్లు ఆ 32లో ఉంది. అవకాశం పెరిగింది! కాని ఉత్తరం మీ వైపు ఒక్క అడుగైనా జరిగిందా? లేదు. మన అజ్ఞానం తగ్గిందంతే. వెలుతురులోకి తెచ్చి చూస్తే అది పొరుగింటి నంబరు. మీ అవకాశం సున్నా! గ్రహశకలం దారిని మళ్ళీ మళ్ళీ కొలిచినప్పుడు జరిగేదీ ఇదే.

ఒకవేళ నంబరు మన ఇంటిదే అయితే? అందుకూ ప్రయత్నం మొదలైంది. 2022 సెప్టెంబరు 26న అమెరికా వారు ‘డార్ట్’ అనే వ్యోమనౌకను సుమారు 160 మీటర్ల డైమార్ఫోస్ శకలానికి కావాలని ఢీకొట్టించారు. అది తన పెద్ద జంట చుట్టూ తిరిగే కాలం అరగంటకు పైగా తగ్గింది. ముందుగా తెలిస్తే దారి మళ్ళించవచ్చని రుజువైంది.

2029 ఏప్రిల్ 13న అపోఫిస్ అనే పెద్ద శకలం భూమికి సుమారు 32,000 కిలోమీటర్ల ఎత్తున దూసుకుపోతుంది. మన గడియారం ప్రకారం అప్పటికి 14 తెల్లవారుజాము. అది భూమిని తాకదు. కనీసం వందేళ్ళ దాకా దానివల్ల ప్రమాదం లేదని 2021లో తేల్చారు. అయినా ఆ ఏడు మీ ఊరి రచ్చబండ మీదికి ‘‘పడుతుందట!’’ అనే మాట మళ్ళీ వచ్చినా రావచ్చు. అప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. ఎవరు కొలిచారు? ఎప్పుడు, ఎంత అన్నారు? మళ్ళీ కొలిస్తే ఏమైంది?

ఈ ప్రశ్నలు మన సీమ రైతుకు కొత్తవి కావు. ఒక్క మబ్బు తునక చూసి ఆయన వేరుసెనగ విత్తడు. వాన పడిందని ఎవరో చెబితే విత్తడు. చేనులోకి వెళ్ళి, మట్టి తవ్వి, పదును ఎంత లోతు దిగిందో చూసి మరీ విత్తుతాడు. అదే కొలత. అదే శాస్త్రం.

అలాగని ప్రతి హెచ్చరికనూ కొట్టిపారేయకండి సుమా! స్కైలాబ్ భయానికి రెండేళ్ళ ముందు, 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొన్నది. 2009 అక్టోబరులో కర్నూలు నగరాన్నే వరద ముంచెత్తింది. కొలిచినవారు చెప్పిన మాట వింటే ప్రాణం నిలుస్తుంది. కొలవనివారి ‘ట’ వింటే మేకలు పోతాయి. ఏది ఏదో మీ ఇంట్లో పెద్దలకు చెప్పవలసింది మీరే.