పంపు మార్చే ముందు గేజ్ పెట్టండి

తుంగతుర్తి నుంచి సూర్యాపేట దాకా మామూలుగానే వచ్చిన పెట్రోల్ కారు, 65వ నంబరు హైవే ఎక్కి కోదాడ వైపు లారీని దాటబోయేసరికి పికప్ అందుకోదు. ఎక్సలేటర్ తొక్కినా జర్కులు కొడుతుందే తప్ప ముందుకు ఉరకదు. ఇలాంటప్పుడు ఫ్యూయల్ ప్రెషర్‌ను అనుమానించాలి. నెమ్మదిగా పోయేటప్పుడు ఇంజను తాగేది తక్కువ కనుక నీరసపడ్డ పంపు కూడా నెట్టుకొస్తుంది. వేగం పెరిగినప్పుడే లోటు బయటపడుతుంది.

ట్యాంకులో మునిగి ఉండే చిన్న కరెంటు మోటారు పెట్రోలును ఇంజెక్టర్ల దాకా నెడుతుంది. చాలా కార్లలో అక్కడ 3 నుంచి 4 బార్ల ప్రెషర్ ఉండాలి. కచ్చితమైన అంకె ఆ మోడల్ సర్వీస్ పుస్తకంలో దొరుకుతుంది. ఇంజెక్టర్ చిమ్మే పెట్రోలు ప్రెషర్ వర్గమూలాన్ని బట్టి మారుతుంది. 3 బార్లు 2కు పడిపోతే పెట్రోలు సుమారు 18 శాతం తగ్గుతుంది. పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ ఆ సంగతి పసిగడితే, కంప్యూటర్ ఇంజెక్టర్లను ఇంకాస్త ఎక్కువసేపు తెరిచి సర్దుతుంది. సర్దలేనప్పుడు ఇంజను లైటు వెలుగుతుంది, స్కానర్‌లో పి0171 కోడ్ కనిపిస్తుంది. గాలికి తగ్గ పెట్రోలు అందడం లేదని మాత్రమే దానర్థం. ఎక్కడో గాలి లీకైనా, గాలిని కొలిచే సెన్సర్‌కు మురికి పట్టినా అదే కోడ్ రావచ్చు. దాన్ని చూసి పంపు మార్చేయడం డబ్బు పారబోసుకోవడమే.

పెట్రోలు లైనుకు ప్రెషర్ గేజ్ తగిలించి తాళం తిప్పితే చాలా బండ్లలో పంపు ఒకట్రెండు సెకన్లు తిరిగి ప్రెషర్ ఎక్కిస్తుంది. ఇంజను ఆపాక ముల్లు కొన్ని నిమిషాలైనా నిలబడాలి. వెంటనే జారితే పంపులోని వాల్వో, రెగ్యులేటరో, ఇంజెక్టరో కారుతోందన్నమాట. కాసేపు ఆపిన బండికి సెల్ఫ్ చాలాసేపు కొట్టాల్సి రావడానికి తరచూ ఇదే కారణం. ఊరికే స్టార్ట్‌లో ఉన్నప్పుడు బాగుండి లోడు పడితే ముల్లు దిగుతోందంటే ఫిల్టర్ మూసుకుపోయిందో, పంపు అరిగిందో.

చాలామంది వదిలేసే పరీక్ష ఇంకొకటుంది. లోవోల్టేజీలో బోరు మోటారు గుయ్యిమంటూనే సన్నధార పోస్తుంది చూడండి, కారు పంపు సంగతీ అంతే. అది నడుస్తుండగానే దాని కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టాలి. బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులుండి పంపుకు 11 మాత్రమే అందితే తప్పు రిలేదో, తుప్పుపట్టిన ఎర్త్ వైరుదో. పంపు వేగాన్ని కంప్యూటరే తగ్గించే మోడళ్లకు మాత్రం ఈ లెక్క కుదరదు.

మే ఎండల్లో ఎప్పుడూ రిజర్వులోనే బండి తిప్పడం పంపుకు చేటు. దాన్ని చల్లబరిచేది ట్యాంకులోని పెట్రోలే.

గేజ్ బిగించే ముందు లైన్లో ప్రెషర్ వదిలేయాలి, దరిదాపుల్లో బీడీ నిప్పు కూడా ఉండకూడదు. డీజిల్ కామన్‌రైల్ బండ్లలోనైతే ఇంజను నడుస్తుండగా హైప్రెషర్ పైపు విప్పనే వద్దు. అక్కడ ప్రెషర్ వెయ్యి బార్లు దాటగలదు, సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూసుకుపోగలదు. ఆ ప్రెషర్‌ను స్కానర్‌లోనే చూసుకోవాలి.