మీకు తెలుసా? తుక్కు కింద పోయిన కుర్చీలు పీఠమెక్కాయి

● చండీగఢ్ అనగానే అందరూ ఆర్కిటెక్టు లె కార్బూసియే పేరే చెబుతారు. ఆ ఊరి ఆఫీసుల్లో, కాలేజీల్లో జనం కూర్చున్న కుర్చీలు మాత్రం చాలావరకు ఆయనకు వరసకు తమ్ముడైన పియేర్ జన్నరే ఆధ్వర్యంలో తయారయ్యాయి. యూలీ చౌదరి అనే మన ఆర్కిటెక్టు చెయ్యి కూడా అందులో ఉంది. ఈ కుర్చీల ప్రదర్శన పెట్టేవాళ్లు ఆమె పేరు మరిచిపోతే అది సగం కథే.

● 1929లో పారిస్‌లో ఇదే జన్నరే, కార్బూసియే, డిజైనర్ షార్లెట్ పెరియాండ్ కలిసి ఉక్కు గొట్టాల కుర్చీలు ప్రదర్శించారు. 1951లో చండీగఢ్ వచ్చాక జన్నరే టేకు, పేము అల్లిక పట్టుకున్నారు. ఇక్కడ దొరికే కర్ర, ఇక్కడి వడ్రంగుల పనితనం!

● పాతబడ్డాక ఈ కుర్చీలను ప్రభుత్వ ఆఫీసులు తుక్కు సామాను కింద వేలం వేశాయి. అవే విదేశీ వేలంపాటల్లో లక్షలు పలికాయి. ఆ ఊరి మ్యాన్‌హోల్ మూతలు కూడా వేలానికెళ్లాయంటే చూడండి!

● చాలా కుర్చీల మీద ఏ శాఖవో తెలిపే అక్షరాలు, నంబర్లు పెయింటుతో రాసి ఉంటాయి. అమ్మేవాళ్లు కొందరు కర్రను నున్నగా చిత్రిక పట్టించి కొత్తదానిలా మెరిపిస్తారు. ప్రదర్శనలో మాత్రం ఆ నంబర్లు చెరపకూడదు. ఇది ఎవరి డ్రాయింగ్ రూమ్ కోసమో చేసింది కాదని, గుమాస్తా కూర్చున్న కుర్చీ అని చెప్పే సాక్ష్యం అదొక్కటే.

● ఈ కుర్చీల అందమంతా పక్కనుంచే. తలకిందులైన ‘వి’లా విచ్చుకున్న కాళ్లు ఎదురుగా నిలబడితే సరిగా కనిపించవు. అందుకే గోడకు ఆనించకుండా, పొట్టి వేదిక మీద, చుట్టూ తిరిగి చూసేలా పెట్టాలి. వెలుతురూ మితంగానే: మ్యూజియాల్లో కర్రకు సాధారణంగా 200 లక్స్, బట్టకు 50 లక్స్ దాటనివ్వరు. అసలువి ముట్టుకోనివ్వరు సరే, పక్కన నకలు ఒకటి వేసి కూర్చోనిస్తే ఏం పోతుంది? కూర్చోకుండా కుర్చీ ఎలా అర్థమవుతుంది?

● జన్నరే 1967లో జెనీవాలో కన్నుమూశారు. ఆయన అస్థికలు చండీగఢ్‌లోని సుఖ్నా చెరువులో కలిపారు.

● ఈ వారసత్వ సామాను అమ్మకం, ఎగుమతి ఆపాలని 2011లో కేంద్ర హోంశాఖ ఆదేశించింది. చండీగఢ్ వెళ్తే సెక్టార్ 5లోని 57వ నంబరు ఇల్లు చూసి రండి. జన్నరే కాపురమున్న ఆ ఇల్లు 2017 నుంచి మ్యూజియం.