అటకెక్కిన బొంత... గోడెక్కాలి!

అమ్మ చీర మెత్తబడినా, నాన్న పంచె చిరిగినా ఒకప్పుడు వాటి దారి బొంతలోకే. ఆ చీరల్ని స్టీలు సామాన్లవాడు గిన్నెలకు మార్చుకుపోవడం మొదలయ్యాక ఆ దారి మూసుకుపోతూ వచ్చింది. అయినా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో వెతికితే అటక మీదో, ట్రంకుపెట్టె అడుగునో ఓ పాత బొంత ఇంకా దొరుకుతుంది. చలికి కప్పుకునే గుడ్డగానే దాన్ని చూశాం. కుట్టినావిడను కళాకారిణి అని మాత్రం ఎవరూ అనలేదు.

పొర మీద పొర

ఉతికి ఆరేసిన నేతచీరను ముడతల్లేకుండా నేల మీద పరుస్తారు. దాని మీద చిరిగిన పంచెలు, తువ్వాళ్లు, లంగా ముక్కలు పేర్చి, పైన మరో చీర కప్పుతారు. అంచులు లోపలికి మడిచి బారుకుట్టు వేసుకుంటూ పోతారు. ఇద్దరు చెరోవైపు కూర్చుంటే పని బేగి తెములుతుంది. కుట్లు ఎంత దగ్గరగా పడితే బొంతకు అంత మన్నిక. చిరిగినచోట అతుకు తప్పదు గానీ, ఎరుపు పక్కన పసుపు వేయాలా, గళ్ల పక్కన పూలు వేయాలా అన్నది కుట్టే ఆవిడ కంటికి తోచిన లెక్క. అవసరం కళయ్యేది అక్కడే.

చేప దవడతో దూది

చిరిగిన గుడ్డను బొంతగా మలిచినట్టే, దొరికినదాన్ని పనిముట్టుగా మలుచుకోవడమూ ఈ నేలకు కొత్త కాదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖద్దరు కోసం పత్తిని శుభ్రం చేసేది వాలుగ చేప దవడతోనే. దాని సన్నటి పళ్లు దువ్వెనలా పత్తిలోని నలుసుల్ని తీసేస్తాయి. ఆ దూదితోనే 100 కౌంటు నూలు వడుకుతారు.

పక్కవాళ్లు మేలుకున్నారు

బెంగాల్‌లో పాతచీరలతో కుట్టిన కాంతా బొంతలను ఐసీఎస్ అధికారి గురుసదయ్ దత్ సేకరించారు. కోల్‌కతాలో ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో వాటికి చోటు దక్కింది. అమెరికాలోని అలబామాలో జీస్ బెండ్ అనే ఊరి నల్లజాతి మహిళలు పొలం పనుల్లో అరిగిన బట్టలతో బొంతలు కుట్టుకున్నారు. 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం వాటిని గోడలకెక్కించింది. 2006లో అక్కడి తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులే వేసింది. మన బొంతకు అలాంటి గోడ ఇంకా దొరకలేదు. ఈలోగా నేతచీర చోటును చెమట పీల్చని పాలియెస్టర్ చీరలు, బొంత చోటును చవక మిల్లు దుప్పట్లు ఆక్రమించాయి.

మీరూ కుట్టొచ్చు

చెక్కుచెదరని బొంతను కత్తిరించకండి. చీకిపోయినదైతే గట్టి భాగాలు వేరుచేసి, చన్నీళ్లలో కుంకుడు రసంతో మెల్లగా ఉతికి నీడన ఆరేయండి. గోడకు వేలాడదీసేలా కొత్త ఖద్దరు గుడ్డను వెనక ఆధారంగా పెట్టి కుట్టండి. ఆ పైన పాత వల ముక్క, గవ్వలు, చొక్కా గుండీలు, గాజులు... ఏది దొరికితే అది అలంకారంగా అమర్చండి. బరువున్నవాటి కుట్టు వెనక గుడ్డదాకా దిగాలి. లేదంటే పాతబట్ట చిరుగుతుంది. ఇనుప వస్తువులు వద్దు. తుప్పు నూలును తినేస్తుంది.

ఎవరు కుట్టారు, ఎవరి చీర, ఏ ఊరు అన్నది ఓ గుడ్డముక్క మీద రాసి వెనక కుట్టడం మరవకండి. జిల్లా ఉత్సవాల్లో, కళాశాలల్లో ఈ బొంతలకు ఒక్క గోడ కేటాయించడం పెద్ద ఖర్చేమీ కాదు. కుట్టిన చేతులు ఇంకా మన మధ్య ఉండగానే ఆ పని జరగాలి.