పాడుబడ్డ జునిపర్‌కు ఏ రూపు?

కొన్నేళ్లు ఎవరూ పట్టించుకోని జునిపర్ బోన్సాయ్ దాదాపు ఒకే తీరుగా తయారవుతుంది. కొమ్మల చివర దట్టమైన గుబురు, లోపలంతా బోడి. ఆ గుబురు ఎండను అడ్డుకోవడంతో లోపలి ఆకు ఎండి రాలిపోతుంది. అలాంటి చెట్టును ముందు పెట్టుకుని రూపు కోసం పుస్తకంలో బొమ్మలు తిరగేస్తే పని చెడుతుంది.

అపోహ: బాగా కొట్టేస్తే కొత్త చిగుళ్లొస్తాయి, అప్పుడు కావలసిన రూపు ఇచ్చుకోవచ్చు.

వాస్తవం: ఈ ధీమా మనకు మర్రి, రావి, జువ్వి ఇచ్చినది. వాటిని మోడు చేసినా ముదురు కాండం మీద చిగురు పుడుతుంది. జునిపర్‌లో ఆకు లేని పాత కొమ్మ చిగురించదు. పచ్చదనం దాటి లోపలికి కత్తెర వేశారా, ఆ కొమ్మ పోయినట్టే. అందుకే ముందు గుబురును చేత్తో విడదీసి, కాండం దగ్గర చిన్న రెమ్మలేమైనా మిగిలాయేమో వెతకాలి. బెత్తెడు రెమ్మ ఒకటి దొరికినా అదృష్టమే. పైగుబురు కొంత పలచన చేసి దానికి ఎండ తగలనిస్తే, కొన్నేళ్లకు అదే ముఖ్యమైన కొమ్మవుతుంది. ఏమీ దొరక్కపోతే బోడికొమ్మకు వైరు చుట్టి, మెలికలు తిప్పుతూ ఆకును కాండం దగ్గరికి తేవాలి. అదీ కుదరదా? పొడుగాటి సన్నని కాండం, తలమీద కాస్త ఆకు ఉండే బున్జిన్ శైలి ఉంది. ఆకంతా ఒక పక్కనే కిందికి మిగిలితే, కుండీ అంచు దాటి జారే కెంగై.

అపోహ: ఏదో ఒక శైలికి చెట్టు అచ్చంగా సరిపోవాలి.

వాస్తవం: శైలుల పేర్లు నేర్చుకునేవారికి ఆసరా, అంతే. ఒంపులు తిరిగిన ముదురు కాండాన్ని నిటారు చోక్కన్‌గా మార్చాలనుకోవడం దండగ పని.

అపోహ: ఎండిన కొమ్మ అవలక్షణం, మొదలంటా తీసేయాలి.

వాస్తవం: జునిపర్‌కు అదే అందం. జపాన్‌లోని ఇతోయిగావా కొండచరియల మీది షింపాకు జునిపర్లను ఒకప్పుడు తాళ్లతో దిగి తెచ్చేవారు. గాలికీ మంచుకూ కాండంలో చాలా భాగం తెల్లగా ఎండిపోయినా, సన్నటి బెరడు పట్టీ ఒకటి చెట్టును బతికించేది. ఎండిన కొమ్మను జిన్ అనీ, కాండం మీది ఎండిన భాగాన్ని షారి అనీ అంటారు. ఒమియాకు చెందిన బోన్సాయ్ కళాకారుడు మసాహికో కిమురా పేరు మోగింది ఇలాంటి ముసలి జునిపర్ల రూపు మార్చే పనితోనే. ఎండిన కొమ్మకు బెరడు ఒలిచి లైమ్ సల్ఫర్ పూస్తే తెల్లబడుతుంది, త్వరగా కుళ్లదు. కంపు మాత్రం మురిగిన కోడిగుడ్డుదే, ఆరుబయట చేసుకోండి.

అపోహ: పచ్చగానే ఉందిగా, కత్తిరింపూ కుండీ మార్పూ ఒకేసారి కానిచ్చేద్దాం.

వాస్తవం: జునిపర్ చచ్చిపోయాక కూడా వారాల తరబడి పచ్చగా కనిపిస్తుంది. కొనల్లో లేత రంగు కొత్త ఎదుగుదల ఉంటేనే ఒంట్లో సత్తువ ఉన్నట్టు. నీరసంగా ఉంటే ఏడాదిపాటు ఎండా, ఎరువూ ఇచ్చి వదిలేయాలి. మట్టిలో నీరు నిలుస్తుంటే ఆ ఏడు కుండీ మార్చి, ఆకు జోలికి పోకూడదు.

ఎక్కువగా కత్తిరించిన షింపాకు మెత్తటి పొలుసాకుకు బదులు గుచ్చుకునే సూదులు వేస్తుంది. మొక్క జాతి మారిందని కంగారుపడి వాటినీ కత్తిరిస్తే మళ్లీ సూదులే వస్తాయి. వాటిని ముట్టుకోకుండా వదిలేస్తే పొలుసాకు మెల్లగా తిరిగొస్తుంది.